కావాలనిపించడానికీ కదలడానికీ మధ్య

మా పెదనాన్నకు పార్కిన్సన్స్ జబ్బు వచ్చిన మూడో ఏడు. పొద్దున్నే పేపరు తెచ్చి ఒళ్లో పెడితే మధ్యాహ్నం దాకా మడత విప్పకుండా అలాగే ఉండేది. చేతులు వణికి విప్పలేక కాదు. మందు వేసుకున్నాక వణుకు బాగానే తగ్గేది. "చదవాలని లేదా పెదనాన్నా?" అని అడిగితే "చదవొచ్చు" అనేవారు. అంతే, చెయ్యి కదిలేది కాదు. ఇంట్లోవాళ్లకు విసుగొచ్చేది. "జబ్బు పేరు చెప్పి బద్ధకం మరిగారు" అని పెద్దమ్మ చాటుగా అనేది. ఒకరోజు నేను పక్కన కూర్చుని పేపరు విప్పి, కార్టూన్ ఉన్న పేజీ ఆయన కళ్లముందు పట్టుకున్నాను. రెండు క్షణాలు చూశారు. పెదవి చివర నవ్వు మొలిచింది. ఆ పక్కనున్న వార్త కూడా చదివేసి, "చూశావా, వీడు మళ్లీ మాట మార్చాడు" అన్నారు.

చదివితే వచ్చే సంతోషం ఆయనలో చెక్కుచెదరలేదు. ఆ సంతోషం దాకా ఆయన్ని నడిపించేదేదో ఆగిపోయింది.

బద్ధకం అనే మాట వాడాలంటే ఆ రోజు నుంచి నాకు నోరు రావడం లేదు. ఒకే పని, ఒకే ఫలితం ఇద్దరి ముందు పెడితే ఒకరు లేచి మొదలుపెట్టేస్తారు, ఇంకొకరు దాని చుట్టూ తిరుగుతూనే ఉంటారు. రెండో మనిషికి పట్టుదల లేదనో, ఆ ఫలితం మీద ఆశ లేదనో తేల్చేస్తాం. మెదడు లోపల ఏం జరుగుతుందో చూస్తే ఈ తీర్పు ఎంత తొందరపాటుదో తెలుస్తుంది. ఏ పనికైనా పూనుకునే ముందు మెదడు ఒక లెక్క వేస్తుంది. ఎంత శ్రమ పడాలి, దక్కేది ఎంత, దక్కుతుందన్న నమ్మకం ఎంత, మొత్తం మీద గిట్టుబాటా కాదా. మనకు తెలిసేలా కూర్చుని వేసే లెక్క కాదిది, క్షణంలో లోపల జరిగిపోతుంది. ఆ లెక్కలో వాడే తూకపు రాళ్లు అందరికీ ఒకే బరువు ఉండవు. వాటి బరువు మార్చే రసాయనాలు కొన్ని ఉన్నాయి. అందులో ముఖ్యమైనది డోపమైన్.

డోపమైన్ పేరు ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. రీల్స్ చూస్తే డోపమైన్, లైక్ వస్తే డోపమైన్. అది ఆనందాన్నిచ్చే రసాయనం అన్న ముద్ర గట్టిగా పడిపోయింది. ఈ ముద్ర ఊరికే పడలేదు. 1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో ఒకచోట సన్నని వైరు అమర్చి, మీట నొక్కితే అక్కడ చిన్నపాటి కరెంటు తగిలేలా చేశారు. ఎలుకలు వదలకుండా మీట నొక్కుతూనే ఉన్నాయి. అంతగా నొక్కుతున్నాయంటే అక్కడ సుఖం ఉన్నట్టేగా అనుకున్నారు. ఆ దారుల్లో పనిచేసేది డోపమైన్ అని తర్వాత తేలడంతో సుఖానికీ డోపమైన్‌కూ ముడి పడిపోయింది.

నిజానికి డోపమైన్ ఏం చేస్తుందో చెప్పే సూటి ఆధారం వేరేచోట ఉంది. 1950ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ అనే మందు ఇచ్చాడు. సర్పగంధి వేరు నుంచి తీసే మందు అది. మెదడులో డోపమైన్ నిల్వలను అది ఖాళీ చేస్తుంది. కుందేళ్లు చెవులు వాల్చేసి, కదలకుండా పడి ఉన్నాయి. డోపమైన్‌కు ముడిసరుకైన ఎల్-డోపా ఎక్కించగానే కాసేపట్లో లేచి తిరిగాయి. ఈ కృషికి ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. పార్కిన్సన్స్ రోగులకు ఇప్పటికీ ఇచ్చే ప్రధానమైన మందు ఆ ఎల్-డోపానే. మా పెదనాన్న రోజూ మింగేదీ అదే. ఆ కుందేళ్లు పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్నది ఏదో గమనించండి. సుఖం కాదు, కదలిక.

సుఖం, ఆశ వేరువేరని నిక్కచ్చిగా చూపించినది మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, టెరీ రాబిన్సన్‌ల పని. మెదడులో డోపమైన్ దాదాపు పూర్తిగా లేకుండా చేసిన ఎలుకలు, పక్కనే తిండి ఉన్నా దాని జోలికి వెళ్లవు. నోట్లో పెట్టకపోతే ఆకలితో చచ్చిపోతాయి కూడా. కానీ తియ్యటి నీళ్లు నాలుక మీద వేస్తే మామూలు ఎలుకల్లాగే ఇష్టంగా పెదాలు నాక్కుంటాయి. అంటే రుచి తెలుస్తోంది, నచ్చుతోంది. వెళ్లి తెచ్చుకోవాలన్న ఊపే లేదు. నచ్చడం అనే అనుభవానికి మెదడు తయారుచేసుకునే నల్లమందు లాంటి రసాయనాలు ఎక్కువగా కారణమవుతాయి. కావాలనిపించి కాలు కదపడం డోపమైన్ వంతు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మడత విప్పని పేపరే గుర్తొచ్చింది.

మరి డోపమైన్ తగ్గితే కోరికే చచ్చిపోతుందా? ఇక్కడ కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ సాలమోన్ చేసిన ప్రయోగాలు చాలా విలువైనవి. రెండు వైపులకు చీలే దారి ఒకటి కట్టారు. ఒకవైపు తిండి ఎక్కువ, కానీ మధ్యలో ఎత్తయిన అడ్డు ఎక్కి దాటాలి. రెండోవైపు తిండి తక్కువ, దారి సాఫీ. మామూలు ఎలుక అడ్డు ఎక్కి ఎక్కువ తిండికే వెళ్తుంది. డోపమైన్ తగ్గించిన ఎలుక సాఫీ దారిలో ఉన్న కొంచెంతో సరిపెట్టుకుంటుంది. అడ్డు ఎక్కే ఓపిక లేదేమో అనుకుంటాం. కానీ సాఫీ దారిలో తిండి అస్సలు పెట్టకుండా చూస్తే అదే ఎలుక అడ్డు ఎక్కింది! తిండి కావాలి, ఎక్కడం వచ్చు, ఎక్కగలదు కూడా. వేరే దారి ఉన్నప్పుడు మాత్రం ఆ ఎక్కడం దానికి గిట్టుబాటుగా అనిపించడం లేదు. మారినది శ్రమకు లోపల పడే వెల.

ఇక మనుషుల దగ్గరికొద్దాం. ఆరోగ్యంగా, ఏ జబ్బూ లేకుండా ఉన్న ఇద్దరి మధ్య కూడా ఈ వెల వేరుగా ఉంటుందా? 2012లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ ట్రెడ్‌వే, డేవిడ్ జాల్డ్ బృందం దీన్ని పట్టుకునే ప్రయత్నం చేసింది. పరీక్ష చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చుంటారు. సులువు పని ఎంచుకుంటే అలవాటైన చేతి చూపుడు వేలితో ఏడు సెకన్లలో 30 సార్లు మీట నొక్కాలి, దానికి ఒక డాలరు. కష్టమైన పని ఎంచుకుంటే అలవాటు లేని చేతి చిటికెన వేలితో 21 సెకన్లలో 100 సార్లు నొక్కాలి. దానికి నాలుగు డాలర్ల పైదాకా వస్తాయి. ఇంకో మెలిక కూడా ఉంది. పని పూర్తిచేసినా డబ్బు వస్తుందన్న హామీ లేదు. కొన్నిసార్లు వచ్చే అవకాశం 88 శాతం, కొన్నిసార్లు 50, కొన్నిసార్లు 12 మాత్రమే. ఎంత వస్తుందో, వచ్చే అవకాశమెంతో ముందే తెర మీద చూపిస్తారు. ఎంచుకోవడం మీ ఇష్టం.

ఎడమ చిటికెన వేలితో ఒకసారి బల్ల మీద 100 సార్లు కొట్టి చూడండి. 60 దాటేసరికి వేలి కీలు బిగుసుకుంటుంది, ముంజేయి దాకా లాగుతుంది. 12 శాతం అవకాశం కోసం ఈ పాట్లు పడాలా అనిపిస్తుంది. కొందరు పడతారు, మళ్లీ మళ్లీ పడతారు. అలాంటివాళ్లకూ మిగతావాళ్లకూ తేడా ఏమిటో చూడటానికి మెదడులో రసాయనాల పనితీరును చూపే పెట్ (PET) స్కాన్ చేసి, డోపమైన్‌ను విడుదల చేయించే మందుకు ఎవరి మెదడు ఎంతగా స్పందిస్తోందో కొలిచారు. గెలిచే అవకాశం తక్కువున్నా కష్టపడటానికి సిద్ధమయ్యేవాళ్లలో రెండు చోట్ల స్పందన ఎక్కువగా కనిపించింది. ఒకటి మెదడు లోతుల్లో ఉండే స్ట్రయేటం, రెండోది నుదుటి వెనక లోపలి భాగం. ఫలితం విలువ కట్టడంలో పాలుపంచుకునే చోట్లివి.

ఇంతవరకే అయితే డోపమైన్ ఎక్కువున్నవాడు కష్టజీవి, తక్కువున్నవాడు బద్ధకస్తుడు అని రాసేసుకోవచ్చు. కానీ అదే పరిశోధనలో ఇన్సులా అనే మూడో చోట అచ్చం తలకిందులుగా కనిపించింది. అక్కడ డోపమైన్ స్పందన ఎక్కువున్నవాళ్లు కష్టమైన పనికి తక్కువగా మొగ్గారు. ఒంట్లో నొప్పి, అలసట, ఇబ్బంది లాంటి కబుర్లు చేరే చోటు అది. ఒకే రసాయనం ఒకచోట "పద" అంటుంటే ఇంకోచోట "వద్దులే" అంటోంది. నన్ను బాగా ఆలోచనలో పడేసిన ఫలితం ఇది. డోపమైన్ పెంచుకునే చిట్కాలంటూ చెప్పేవాళ్లు దీన్ని ఎప్పుడూ ప్రస్తావించరు.

అసలు 'నా డోపమైన్ లెవెల్ ఎంత' అన్న ప్రశ్నకే అర్థం లేదు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు ఉంటే, డోపమైన్ తయారుచేసేవి ఐదు లక్షలు అటూ ఇటూ. అవి కొమ్మలు చాచి మెదడులో చాలా చోట్లకు అందిస్తాయి. వాటిలోంచి డోపమైన్ పక్క కణంతో ఉన్న సన్నని ఖాళీలోకి విడుదలవుతుంది, అవతలి కణం మీద దాన్ని అందుకోవడానికి ఉన్న రిసెప్టర్లకు తగులుకుంటుంది, తర్వాత కణాలు దాన్ని వెనక్కి పీల్చేసుకుంటాయి లేదా విరిచేస్తాయి. మనిషికీ మనిషికీ తేడా ఈ దారిలో ఎక్కడైనా రావచ్చు. ఎంత తయారవుతోంది, ఎంత విడుదలవుతోంది, అందుకునే రిసెప్టర్లు ఎన్ని, ఎంత త్వరగా శుభ్రమైపోతోంది. వీటిలో ఒకటి ఎక్కువై ఇంకొకటి తక్కువై కూడా ఉండొచ్చు. రక్తంలో తిరిగే డోపమైన్ మెదడులోకి చేరనే చేరదు, కాబట్టి రక్తపరీక్ష చేయించుకుని మన పూనిక ఎంతో తెలుసుకునే వీలు లేదు.

పైగా ఎక్కువ అయితే మంచిది అన్న సూత్రం కూడా నిలబడదు. మెదడు పరిశోధకులు రోషన్ కూల్స్, మార్క్ డెస్పోజిటో చాలా ఏళ్లుగా చూపిస్తున్నదేమిటంటే, డోపమైన్‌కూ పనితీరుకూ ఉన్న సంబంధం తిరగేసిన గిన్నెలా ఉంటుంది. తక్కువ దగ్గర మొదలైతే పెరిగేకొద్దీ మెరుగవుతుంది. శిఖరం దాటాక దిగిపోతుంది. ఒకే మందు ఒకరి ఏకాగ్రతను పెంచి, ఇంకొకరి బుర్రను చెదరగొట్టడానికి కారణం వాళ్లు బయల్దేరిన చోటు వేరు కావడమే. 2020లో ఆండ్రూ వెస్ట్‌బ్రుక్ బృందం మానసిక శ్రమ మీద ఇలాంటి పరిశోధనే ప్రచురించింది. స్ట్రయేటంలో కాడేట్ అనే భాగంలో డోపమైన్ తయారీ సామర్థ్యం ఎక్కువున్నవాళ్లు బుర్రకు కష్టమైన పనులు ఎంచుకోవడానికి ఎక్కువ సిద్ధపడ్డారు. ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ అనే సమస్యకు ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ ఇస్తే, తయారీ తక్కువున్నవాళ్లు కూడా అలా ఎంచుకోవడం పెరిగింది. ఆ మందు వాళ్ల తెలివిని పెంచినందువల్ల కాదు. ఎంచుకునే సమయంలో కష్టం కన్నా లాభం వైపు మనసు ఎక్కువగా మళ్లింది. లెక్క అదే, తూకపు రాయి మారింది.

రాయి మరీ తేలికైపోతే ఏమవుతుందో పార్కిన్సన్స్ రోగుల్లోనే చూడొచ్చు. డోపమైన్ రిసెప్టర్లను నేరుగా తట్టే కొన్ని మందులు వాడుతున్నప్పుడు, జీవితంలో ఎన్నడూ పేకముక్క ముట్టని మనిషి జూదంలో పడిపోవడం, అవసరం లేని కొనుగోళ్లు ఆపుకోలేకపోవడం కొందరిలో జరుగుతుంది. మందు తగ్గిస్తే చాలామందిలో అదీ తగ్గుతుంది. నడక, పూనిక, వ్యసనం ఇంత దగ్గర చుట్టాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇలాంటి మార్పు కనిపిస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి. సొంతంగా మందు ఆపేయడం మాత్రం ప్రమాదం.

డోపమైన్ చుట్టూ ఇంత మాట్లాడాక మిగతావాటి గురించీ కొంత చెప్పాలి. నోరడ్రినలిన్ అనే మరో మెదడు రసాయనం చేతిలో ఉన్న పనికి బలం కూడగడుతుంది. సెరటోనిన్ ఓపికతో ముడిపడి ఉంది. జపాన్‌లోని ఒకినావాలో కెంజి దోయా బృందం ఎలుకల్లో సెరటోనిన్ కణాలను ఉత్తేజపరిస్తే, ఆలస్యంగా వచ్చే బహుమతి కోసం అవి ఎక్కువసేపు ఆగాయి. మెదడు కణాల మధ్య కబుర్లు మోసే గ్లూటమేట్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో కార్మెన్ సాండి బృందం 2020లో చూపించిన ప్రకారం, స్ట్రయేటంలో భాగమైన న్యూక్లియస్ అకంబెన్స్‌లో గ్లూటమేట్‌తో పోలిస్తే దానికి ముడిసరుకైన గ్లూటమిన్ ఎక్కువున్నవాళ్లు శ్రమతో కూడిన పనిలో ఎక్కువసేపు నిలబడగలిగారు. 2022లో పారిస్‌లో మథియాస్ పెస్సిగ్లియోన్ బృందం, రోజంతా బుర్రపెట్టి చేసే పని ఇచ్చినవాళ్లలో నుదుటి వెనక భాగంలో గ్లూటమేట్ పేరుకోవడం గమనించింది. ఆ తర్వాత వాళ్లు తక్కువ కష్టంతో, త్వరగా దక్కేదాని వైపు మొగ్గారు. సాయంత్రం పూట మనం చేసుకునే ఎంపికలు పొద్దుటి మనిషివి కావు.

ఉదాసీనంగా ఉండే ఆరోగ్యవంతుల మీద ఆక్స్‌ఫర్డ్‌లో మసూద్ హుసేన్ బృందం చేసిన పని గురించి తప్పక చెప్పాలనుంది. చొరవ తక్కువున్న మనిషి మెదడు నిద్రపోతున్నట్టు కనిపిస్తుందని ఎవరైనా ఊహిస్తారు. శ్రమ పడాలా వద్దా అని తేల్చుకుని, పడదామని సిద్ధమయ్యే వేళ స్కాన్‌లో చూస్తే, కదలికకు సన్నాహం చేసే ప్రీమోటర్ భాగాలు వాళ్లలోనే ఎక్కువ పనిచేస్తున్నాయి. ఆ భాగాల మధ్య తీగల అల్లిక మాత్రం కాస్త పలచగా ఉంది. నిర్ణయాన్ని కదలికగా మార్చడానికి వాళ్ల మెదడు ఎక్కువ ఖర్చు పెట్టాల్సి వస్తోందని పరిశోధకులు అర్థం చేసుకున్నారు. నువ్వు ఊరికే లేచి చేసేసే పనికి ఇంకొకరు లోపల రెట్టింపు చెల్లిస్తూ ఉండొచ్చు. బయటికి ఆ చెల్లింపు కనిపించదు, ఆలస్యమే కనిపిస్తుంది.

ఈ తేడాలన్నీ పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటాయా? కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి వ్యక్తిత్వంలోని తేడాల్లో సుమారు సగం దాకా వారసత్వం పాత్ర ఉంటుంది. ఒక్క డోపమైన్ జన్యువే స్వభావాన్ని నిర్ణయిస్తుందన్న ఒకప్పటి ఆశ మాత్రం నిలవలేదు. వందలు, వేల జన్యువులు ఒక్కొక్కటీ ఇసుక రేణువంత మోతాదులో పనిచేస్తాయి.

మిగతా సగం నాకు ఎక్కువ ముఖ్యం. అమెరికాలోని వేక్ ఫారెస్ట్‌లో మైకేల్ నేడర్ బృందం 2002లో కోతుల మీద చేసిన పరిశోధన ఒకటి ఉంది. వేరువేరు గదుల్లో ఒంటరిగా ఉన్నప్పుడు వాటి మెదడులో డీ2 అనే డోపమైన్ రిసెప్టర్ల లెక్కలో తేడా కనపడలేదు. వాటిని గుంపులుగా కలిపి ఉంచారు. మూడు నెలల తర్వాత చూస్తే, గుంపులో పైచేయి సాధించిన కోతుల్లో ఆ లెక్క పెరిగింది. కింద నలిగినవాటిలో పెరగలేదు. రసాయనం ఎక్కువున్నందుకు పైకి ఎక్కలేదు, పైకి ఎక్కాక రసాయనం మారింది. ఎప్పుడూ కిందే ఉండాల్సి వచ్చిన మనిషిని చూసి "చురుకు లేదు" అనేముందు ఈ కోతులు గుర్తు రావాలి.

అనుభవం ఈ లెక్కను ఎలా తిరగరాస్తుందో చూపినవాడు నాడీ శాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్. అనుకోకుండా పండ్లరసం దక్కితే కోతి మెదడులో డోపమైన్ కణాలు భగ్గుమంటాయి. ముందే సూచన ఇచ్చి రోజూ ఇస్తే, రసం దగ్గర ఊరుకుని సూచన దగ్గరే మేలుకుంటాయి. సూచన వచ్చి రసం రాకపోతే మామూలు కన్నా కిందికి పడిపోతాయి. అనుకున్నదానికీ దక్కినదానికీ ఉన్న తేడానే అవి పాఠంగా చెబుతాయి. కష్టపడిన ప్రతిసారీ చేతికి శూన్యమే వచ్చిన పిల్లవాడి మెదడు ఈ పాఠాన్ని వందలసార్లు వినుంటుంది. 'శ్రమ గిట్టుబాటు కాదు' అన్నది వాడి సోమరితనం కాదు, వాడు నిజాయితీగా నేర్చుకున్న లెక్క. దాన్ని మార్చాలంటే ఉపన్యాసంతో పని జరగదు. చిన్న శ్రమకు నిజంగానే ఫలితం దక్కే అనుభవాలు వరసగా కావాలి.

ఒంటి స్థితి కూడా ఈ లెక్కలో వేలు పెడుతుంది. ఒక రాత్రి నిద్ర లేకపోతే స్ట్రయేటంలో డీ2 రిసెప్టర్ల అందుబాటు తగ్గుతుందని అమెరికా శాస్త్రవేత్త నోరా వోల్కో పరిశోధనల్లో తేలింది. జ్వరం, దీర్ఘకాలపు వాపు ఉన్నప్పుడు రోగనిరోధక వ్యవస్థ వదిలే పదార్థాలు డోపమైన్ పనిని మందగింపజేస్తాయి. ఒంట్లో బాగాలేనప్పుడు దేనిమీదా మనసు పోకపోవడం శక్తిని దాచుకోమని శరీరం చేసే ఏర్పాటు. ఆ పరిస్థితి నెలల తరబడి సాగితే బయటివాళ్లకు అది మనిషి స్వభావంలా కనిపించడం మొదలవుతుంది. వారాలపాటు ఏ పనికీ లేవలేకపోతుంటే తిట్టుకోవడం మాని డాక్టరును కలవాలనడానికి కారణం ఇదే. డిప్రెషన్, థైరాయిడ్, రక్తహీనత, సరిగా పట్టని నిద్ర, వీటన్నిటికీ వైద్యం ఉంది.

పెద్దమ్మకు నేను ఈ పేర్లేవీ చెప్పలేదు. "పెదనాన్నకు పేపరంటే ఇష్టం పోలేదు పెద్దమ్మా, మొదలుపెట్టడమే ఆయనకు చాలా ఖరీదైపోయింది" అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి పేపరు ఒళ్లో లేదు. కార్టూన్ పేజీ పైకి వచ్చేలా మడిచి, ఎదురుగా ఉన్న స్టూలు మీద నిలబెట్టి ఉంది. కళ్లజోడు అప్పటికే ఆయన ముక్కు మీద ఉంది.